తిరస్కరణ మెయిలుకు ముందు ఒక గంట

ఆ ఏడు మే నెలాఖరులో తోటలో నిలబడి నా తమ్ముడు ఒక మాటన్నాడు.

"ఈసారి కాయ ఫ్యాక్టరీ లోపలికి పోయిందా, సరే. పోలేదనుకో, చెట్లు కొట్టించేస్తా న్నా. ఇంగ నా చేత కాదు."

కోపంతో అన్న మాట కాదది. కోపమైతే నేను అంతగా పట్టించుకునేవాణ్ణి కాదు. కిందికి వాలిన కొమ్మను చేత్తో పక్కకు తోస్తూ, రేపు ఏ మడికి నీళ్లు కట్టాలో చెప్పినట్టు చెప్పాడు. అంతకు ముందు ఏడు ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల వరసలో రోజుల తరబడి నిలబడ్డాడు. అడుగున కాయ కుళ్లి రసం కారుతుంటే, లోడంతా వంక పక్కన పారబోసి ఇంటికొచ్చాడు. ఆ పులుపు వాసన ట్రాక్టరు తొట్టికి చాలాకాలం పట్టుకునే ఉంది.

మూడెకరాల తోతాపురి తోట అది. మా నాయన పెట్టింది. నేను ఉద్యోగానికి పోతే తోట తమ్ముడు చూసుకున్నాడు. నా ఉద్యోగం కూడా మామిడితోనే. చిత్తూరు నుంచి తిరుపతి పోయే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. తమ్ముడి కాయ మా ఫ్యాక్టరీకే వచ్చేది. అయినా అతను ఏనాడూ నన్ను ఒక మాట సాయం అడగలేదు. "మా అన్న ఆడ ఉండాడని చెప్పుకుంటే నలుగురూ నవ్వుతారు. ఆయన కంప్యూటర్లకు కాపలా" అని మండీ దగ్గర నా ముందరే ఎగతాళి చేసేవాడు.

నేను ఆ ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేరాను. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. బరువులు కూడడం, సగటు తీయడం చేతితో చేస్తూ చేస్తూ, అదే పని కంప్యూటరులో చేయడం నేర్చుకున్నాను. ఆ తర్వాత స్క్రిప్టులు రాయడం కూడా నాకు నేనే నేర్చుకున్నాను. స్క్రిప్టు అంటే పెద్ద విషయమేమీ కాదు. మనిషి రోజూ చేసే పనిని, ముందు ఇది చెయ్యి, తర్వాత ఇది చెయ్యి అని వరసగా కంప్యూటరుకు రాసిపెట్టడం. ఫలానా సమయానికి కాటా లెక్క తీసుకో, కూడు, మెయిలు రాయి, ఫలానా వాళ్లకు పంపు. రాసింది రాసినట్టు చేస్తుంది. దాని మంచీ అదే, చెడ్డా అదే.

ఆ సీజనుకు ముందు మా యాజమాన్యం ఒక నిర్ణయం తీసుకుంది. ఫ్యాక్టరీలో కాటాకు ఒక సాఫ్ట్‌వేరు, ల్యాబుకు ఒకటి, గేటుకు ఒకటి, లెక్కల విభాగానికి ఒకటి ఉండేవి. నాలుగూ నాలుగు కంపెనీలు చేసినవి. ఒకదాని మాట ఒకదానికి తెలిసేది కాదు. మధ్యలో మనుషులం చీటీలు మోసేవాళ్లం. ఈ నాలుగింటినీ కలిపి ఒకటిగా నడపాలని చెన్నై నుంచి ఒక ఇంజనీరును పిలిపించారు. పాత స్టోరు గదిని ఖాళీ చేసి ఏసీ పెట్టి, దానికి ఇంటిగ్రేషన్ రూము అని పేరు పెట్టారు. అసలు సిస్టములకు నకళ్లు తెచ్చి ఆ గదిలో కలిపి, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసుకున్న తర్వాతే బయట అసలు పనిలో పెట్టాలి. అక్కడి నుంచి పోయే మెయిళ్ల స్క్రిప్టులన్నీ రాసే పని నాకిచ్చారు.

అంతవరకు ఆ మెయిళ్లు పంపింది అక్క.

ఆమెను మేనేజరుతో సహా అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. ల్యాబు నుంచి చీటీ రాగానే లోడు తీసుకున్నదీ తిప్పి పంపిందీ మెయిలు కొట్టడం ఆమె పని. తీసుకున్న లోడు మెయిలు లెక్కల విభాగానికి పోతుంది. తిరస్కరించిన లోడు మెయిలు మాత్రం మండీకీ, పెద్దాఫీసుకూ, మా యాజమాన్యానికే ఉన్న మరో రెండు ఫ్యాక్టరీల గేట్లకూ పోవాలి. ఆ రెండింటిలో ఒకటి తిరుపతి వైపు, ట్రాక్టరు మీద గంటలోపు దారి. రెండోది దూరంగా నాయుడుపేట దగ్గర. ఒకచోట తిరస్కరించిన లోడును మరోచోట కొలవనే కొలవకూడదని పెద్దాఫీసు నియమం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఫ్యాక్టరీ గుజ్జు విదేశాలకు పోతుంది. కాయలో తీపి పద్నాలుగు ఉంటేనే తీసుకుంటాం. తిరుపతి వైపు ఫ్యాక్టరీ గుజ్జు ఇక్కడే కూల్‌డ్రింకుల్లోకి పోతుంది. వాళ్లకు పదమూడు చాలు. కాబట్టి మా దగ్గర ఆగిన కాయ వాళ్ల దగ్గర నిక్షేపంగా చెల్లుతుంది. కానీ మా మెయిలు ముందు చేరిందంటే వాళ్ల గేటులో నమూనా కూడా తీయరు. మెయిలు కంటే ముందు ట్రాక్టరు చేరితే, కొత్త లోడు కిందే లెక్క. వాళ్ల ల్యాబు చూస్తుంది, వాళ్ల గీత దాటితే తీసుకుంటారు.

అందుకని అక్క ముందు ఫోను చేసేది. గంట తర్వాత మెయిలు పంపేది.

ఆమె బల్ల నా బల్లకు ఎదురుగా ఉండేది. ఆ ఫోన్లు నా చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

"ఏమబ్బా, యాడుండావు? కాటా కాడనేనా? టీ తాగినావా? తాగలేదా, మంచిది, తాగొద్దులే. ట్రాక్టరు తిప్పుకో. అవు, పదమూడున్నరే వచ్చింది. మా ల్యాబును తిట్టేది తర్వాత తిట్టుకోవచ్చు, ముందు గేరెయ్యి. ఆడ తీసుకుంటారు. గంటలో నేను మెయిలు కొట్టేస్తా, ఆలోపల పొయ్యి చేరిపో. మొక్కులు కూడా ట్రాక్టరు మీద కూసోనే మొక్కుకో నాయనా, పో."

ఫోను పెట్టేసి గోడ గడియారం వైపు ఒకసారి చూసేది. తర్వాత మెయిలు రాయడం మొదలుపెట్టి, రాసింది తెరమీద అలాగే ఉంచి వేరే పని చేసుకునేది. గంట దాటాక ఒక్క నొక్కు. ఎన్నేళ్లుగా అలా చేస్తోందో నాకు తెలియదు. నేను లోపలి పనికి మారేనాటికే అది అలవాటై ఉంది. ల్యాబులో తెలుసు, గేటులో తెలుసు, కాటా దగ్గర తెలుసు. ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. మాట్లాడుకుంటే అది అక్క చేసే తప్పవుతుంది. మాట్లాడుకోకపోతే అది ఊరికే అలా జరిగిపోతుంది.

ఏప్రిల్‌లో ఇంజనీరు అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి పని అడిగి తెలుసుకున్నాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, మర్యాదస్తుడు. చెన్నైలో పుట్టినా ఇంట్లో తెలుగే. మేనేజరు కూడా పక్కనే కూర్చున్నాడు.

"రిజల్టు వచ్చినాక మెయిలు పంపేదానికి ఎంత టైము పడుతుందమ్మా?" అని అక్కను అడిగాడు.

"వచ్చిన వెంటనే పంపిస్తాను సార్."

"వెంటనే అంటే?"

"వెంటనే అంటే వెంటనే. దానికి మళ్లా లెక్కేముంది?"

ల్యాబు ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. గేటు ఇన్‌చార్జి దగ్గాడు. నేను నా ముందున్న కాగితం మీద తలవంచుకున్నాను. ఇంజనీరు మమ్మల్ని కూడా అడిగాడు, ఈ పద్ధతిలో ఇంకేమైనా ఉందా అని. ఏమీ లేదన్నాం. మేనేజరు ముందు నోరు తెరిస్తే అక్క ఉద్యోగం మీదికి వస్తుంది. ఒక్కరూ తెరవలేదు. ఇంజనీరు మేం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. రిజల్టు రావాలి, మెయిలు పోవాలి. మధ్యలో ఏమీ లేదు.

బయటికొచ్చాక గేటు ఇన్‌చార్జి చొక్కా దులుపుకుంటూ, "ఎవురన్నా వాగేస్తారేమోనని నాకు చెమటలు పట్టినాయి క్కా" అన్నాడు.

"ఎవురు వాగుతారప్పా? మీరందరూ నా టిఫిను డబ్బాలో చేతులు పెట్టినోళ్లు గదా" అని నవ్వింది అక్క.

అందరం నవ్వాం. అక్కను కాపాడుకున్నామన్న తృప్తితోనే ఎవరి బల్లల దగ్గరికి వాళ్లం వెళ్లాం. ఇకమీదట మెయిలు నొక్కేది అక్క వేలు కాదని వాళ్లకు తట్టలేదు. నాకు తెలుసు కాబట్టి మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరికి పోయి, "అక్కా, ఆ గంట సంగతేంది?" అని అడిగాను.

"రాసేది నువ్వే గదా. యాడో ఒక మూల పెట్టెయ్ సామీ. ఎవురికి కనపడతాది?"

పెట్టాను. తిరస్కరణ మెయిలు తయారైన తర్వాత గంటసేపు ఆగి పంపమని ఒక్క వరస రాశాను. కానీ ఇంటిగ్రేషన్ రూములో ప్రతి స్క్రిప్టునూ ఇంజనీరు తానే చదివేవాడు. రెండో రోజునే దాని మీద వేలు పెట్టాడు.

"ఈ గంట వెయిటింగ్ ఎందుకు సార్? మీరు చెప్పిన పద్ధతిలో ఇది లేదు గదా."

"మెయిళ్లన్నీ ఒకేసారి పడితే సర్వరు మీద భారం పడతాదని పెట్టినా" అన్నాను.

"ఈ కాసిన్ని మెయిళ్లకు సర్వరుకేమీ నొప్పి రాదు సార్" అని నవ్వి, ఆ వరస తీసేశాడు. అతనిది తప్పని నేను అనలేను. కారణం చెప్పనివాడి మాట ఎవరు నిలబెడతారు?

పరీక్షలు నెలకు పైగా నడిచాయి. ఆ గదిలో నుంచి బయటికి ఒక్క మెయిలు కూడా పోకుండా కట్టడి ఉండేది. ఎవరికి పంపినా, అన్నీ వచ్చి ఒకే పెట్టెలో పడేవి. పొరపాటున నిజమైన మండీకి పోయి గందరగోళం కాకూడదని ఆ ఏర్పాటు. లోడ్లు కూడా మేం కల్పించినవే. ట్రాక్టరు నంబరు ఏదో ఒకటి వేసి, బరువు వేసి, తీపి పదమూడున్నర అని కొట్టేవాణ్ణి. కన్ను మూసి తెరిచేలోగా తిరస్కరణ మెయిలు పెట్టెలో పడేది. ఇంజనీరు బాగుందనేవాడు. నేను సరి అని రాసుకునేవాణ్ణి. అలా ఎన్ని లోడ్లు తిప్పి పంపానో! ఒక్కదాని వెనుకా ట్రాక్టరు లేదు, తొట్టి లేదు, డ్రైవరు లేడు. ఆ చల్లటి గదిలో కూర్చుంటే కాయ అనేది కుళ్లుతుందన్న సంగతే మరిచిపోతాం.

మెయిలు స్క్రిప్టులో వచ్చే చిక్కులు అన్నీ చూసుకున్నాం. సర్వరు తీసుకోకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించడం, చిరునామా తప్పితే తిరిగొచ్చిన దాన్ని పట్టుకోవడం, ఒకే మెయిలు రెండుసార్లు పోకుండా చూడడం. పంపేవారి పేరు దగ్గర అక్క పేరు తీసి, జవాబులు ఇవ్వవద్దు అన్న అర్థం వచ్చే చిరునామా పెట్టాం. దానికి వచ్చే జవాబులు ఎవరూ చూడరు. చూసే అవసరం లేదని అనుకున్నాం.

జూన్‌లో కాయ మొదలవగానే కొత్త పద్ధతి అసలు పనిలోకి వచ్చింది. మొదటి రోజు మధ్యాహ్నమే ఒక లోడు ఆగింది. ల్యాబు నుంచి చీటీ రావడం మానేసింది కాబట్టి అక్క తన తెర మీద చూసి ఫోను ఎత్తింది.

"ఏమబ్బా, ట్రాక్టరు తిప్పుకో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అటు మనిషి గట్టిగా మాట్లాడుతున్నాడు. నా బల్లదాకా వినపడింది.

"యాడికి తిప్పేది క్కా? నీ మెయిలు ఆడికి పోయేసిందంట గదా. మండీలో చెప్పినారు. నువ్వేనా పంపింది? నువ్వేనా?"

అక్క ఫోను బల్ల మీద బోర్లించి పెట్టింది. ఆ రోజు గడియారం వైపు చూడలేదు.

మరుసటి వారం, పని సరిగ్గా నడుస్తోందా అని చూస్తూ, జవాబులు పడే ఆ పెట్టెను తెరిచాను. మండీల నుంచి తిరస్కరణ మెయిలుకు జవాబులు వచ్చి పడి ఉన్నాయి. అందరూ అక్కకే రాశారు. అక్కా ఒక గంట ఆపకూడదా అని ఒకరు. అక్కా నీకు ఒళ్లు బాగలేదా, నీ సీట్లో ఎవురన్నా కొత్తోళ్లు వచ్చినారా అని ఒకరు. మనిషి మారిందనుకున్నారే గానీ మనిషే లేదని వాళ్లకు తెలియలేదు. వాటిని అక్కకు చూపించాలా వద్దా అని నాలో నేను కాసేపు తర్కించుకుని, చివరికి పిలిచి చూపించాను. అన్నీ చదివింది. కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"మేనేజరు కాడికి పోదాం పద" అంది.

"అక్కా, నువ్వొద్దు. నేనే ఏదో ఒకటి చెప్పి అడుగుతాలే."

"ఏం చెప్తావు? సర్వరుకు నొప్పి అనా?"

ఆమెకు అంత తొందర ఎందుకో నాకు తెలుసు. నాకూ తొందరే. వారం ముందు వాన పడింది. కోతకు వచ్చిన కాయకు వాన పడితే బరువెక్కుతుంది, తీపి పలచబడుతుంది. ఆ ఉదయమే తమ్ముడు ఫోను చేసి, గురువారం లోడు తెచ్చేందుకు ఫ్యాక్టరీ టోకెను వచ్చిందనీ, అప్పుడే కోత మొదలుపెట్టాననీ చెప్పాడు. తీపి ఎంతుంటుందని అడిగితే, "నాకేం తెలుసు న్నా, నేను తిని చూస్తే బాగానే ఉండాది. మీ మిషను నాలికెట్టుంటాదో!" అన్నాడు. ఆ వానకు మా పక్క కాయ పద్నాలుగు దాటడం కష్టమని ల్యాబు ఆయన అప్పటికే అంటున్నాడు. పదమూడు మాత్రం దాటుతుంది. అంటే గంట ఉంటే తోట నిలుస్తుంది, లేకపోతే లేదు. నా లెక్క అంతవరకు తేలిపోయి ఉంది. అక్కకు ఆ సంగతి చెప్పాను.

మేనేజరు గదిలో మేమిద్దరం నిలబడ్డాం. ఆయన కూర్చోమన్నా అక్క కూర్చోలేదు.

"సార్, తిరస్కరించిన లోడు మెయిలు గంట ఆపి పంపేటట్టు మార్చాల" అంది.

"ఎందుకమ్మా?"

"ఇన్నేళ్లూ నేను అట్లనే పంపినా సార్. ముందు ఫోను చేసేదాన్ని, గంటైనాక మెయిలు. ఆ గంటలో ట్రాక్టరు తిరుపతి పక్క ఫ్యాక్టరీకి పోయేది. ఇప్పుడు మిషను పంపిస్తా ఉండాది, దానికి తెలీదు..."

మేనేజరు చెయ్యెత్తి ఆపాడు. లేచి తలుపు దగ్గరికి పోయి, బయట ఎవరూ లేరని చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అమ్మా, మీరిప్పుడు నాకేమీ చెప్పలేదు. నేనేమీ విన్లేదు."

"చెప్పినా గదా సార్. మళ్లా చెప్తా."

"చెప్పొద్దు. నేను విన్నానంటే పైకి రాయాల. రాస్తే మీ మీద విచారణ వేస్తారు. ఇంగ రెండేళ్లుంది మీకు. మర్యాదగా పొయ్యేదాన్ని ఎందుకు చెడగొట్టుకుంటారు? నాకు తెలీదనుకుంటిరా? నాకూ ఎప్పటినుంచో తెలుసు. తెలీనట్టు ఉండబట్టే అది నడిచింది."

"నాకేమన్నా పర్వాలేదు సార్. రాయండి" అంది అక్క.

"నాకు పర్వా ఉండాది. పోయి పని చూసుకోండమ్మా." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడానప్పా. కారణం లేకుండా స్క్రిప్టు మార్చమంటే ఆ ఇంజనీరు మార్చడు. కారణం చెప్తే ఈమె పోతాది. సీజను అయినాక సూద్దాం" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఏప్రిల్‌లో మేం చేసిందే ఆయనా చేశాడు. అక్క మీద ఈగ వాలకుండా చూసుకున్నాడు. బయట వరండాలోకి వచ్చాక అక్క, "ఇంతమంది ఇంత మంచోళ్లేందప్పా" అని, ఎప్పుడూ లేనిది, గోడకు ఆనుకుని నిలబడింది.

నేను తమ్ముడికి ఫోను చేశాను. టోకెను వాయిదా వేసుకోమన్నాను. నేరుగా తిరుపతి పక్క ఫ్యాక్టరీకి పొమ్మన్నాను. "ఆడ టోకెన్లు అయిపోయినాయంట న్నా. ఈడ తిప్పి పంపితే తప్ప ఆడ వరస లేకుండా ఎవురు రానిస్తారు? కోసిన కాయను చెట్టుకు మళ్లా అతికించమంటావా?" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. తిప్పి పంపిన ట్రాక్టర్లను సాయంత్రం పూట ఆ గేటువాళ్లు పక్కనుంచి రానిచ్చేవాళ్లు. ఎక్కడి నుంచి వచ్చాయని అడిగేవాళ్లు కాదు. అదీ రాసిపెట్టిన పద్ధతి కాదు.

గురువారం మధ్యాహ్నం మూడు దాటాక తమ్ముడి ట్రాక్టరు కాటా ఎక్కింది. నా తెర మీద టోకెను నంబరు కనపడింది. కిటికీలో నుంచి చూస్తే తొట్టి మీద కప్పిన వేపమండలు కనపడ్డాయి. ఎండకు కాయ వాడకుండా కప్పాడు. తమ్ముడు తలకు తువాలు చుట్టుకుని, నమూనాకు కాయ తీసుకుపోయిన ల్యాబు కుర్రాడు వెళ్లిన దారినే చూస్తూ నిలబడ్డాడు. అక్క ముందుగానే అతని నంబరు ఫోనులో నొక్కి పెట్టుకుని, ఆకుపచ్చ గుర్తు మీద వేలు ఆనించి కూర్చుంది. రిజల్టు రాగానే చెప్పి, అతను గేటు దాటేలోపు ఆ ఫ్యాక్టరీ గేటులో తెలిసినవాళ్లకు కూడా ఫోను చేయాలని ఆమె ఆలోచన. మెయిలు ఎవరూ వెంటనే తెరిచి చూడకపోవచ్చని ఒక చిన్న ఆశ.

నా తెర మీద ఒక వరస మారింది. తీపి పదమూడు పాయింట్ ఆరు. ఆ పక్క గడిలో తిరస్కరణ. దాని పక్క గడిలో మెయిలు వెళ్లింది అని పచ్చరంగు. మూడు గడులూ ఒకేసారి మారినట్టే అనిపించింది నా కంటికి. నేను కుర్చీలో కదలను కూడా కదల్లేదు.

అక్క ఫోను చేసింది. "నాయనా, నేను మీ అన్న ఎదురుగా కూసోనుండేదాన్ని. తిప్పుకో, తొందరగా పో" అంది. కిటికీలో అతను చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఒకసారి మా బిల్డింగు వైపు తలెత్తి చూశాడు. ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. అక్క రెండో ఫోను చేసింది. ఆ ఫ్యాక్టరీ గేటులో ఎత్తిన మనిషి ఆమెకు పాత పరిచయమే.

"ఒక ట్రాక్టరు వస్తా ఉండాది. నువ్వు మెయిలు సూడలేదు అనుకో అబ్బా."

"నేను సూసేది లేదు క్కా ఇప్పుడు" అన్నాడు అతను. "మీ కొత్త సిస్టం మా గేటుకు కూడా పెట్టినారు గదా. మెయిలు వచ్చిందంటే ఆ టోకెనుకు గేటు తెరుసుకోదు. నేను నెట్టినా తెరుసుకోదు."

ఆ భాగం కూడా నేను రాసిందే, దాన్ని అప్పుడే అక్కడ పెట్టేశారని మాత్రం నాకు తెలియదు. మెయిలు అందగానే అవతలి గేటు ఆ నంబరును ఆపాలి. పరీక్షల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

తమ్ముడు రెండు రోజులు అక్కడా ఇక్కడా తిరిగాడు. జ్యూసు బండ్లవాళ్లు కొంత తీసుకున్నారు. మిగిలింది పశువులవాళ్లకు వదిలేశాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. అక్క రోజూ పొద్దున రాగానే "మీ తమ్ముడు మాట్లాడినాడా?" అని అడిగేది. లేదని చెప్పేవాణ్ణి. ఒకరోజు అడగడం మానేసింది.

సీజను అయిపోయాక ఇంజనీరు అందరినీ మళ్లీ పిలిచి కూర్చోబెట్టాడు. పంపిన మెయిళ్లన్నీ చేరాయనీ, ఒక్కటీ ఆలస్యం కాలేదనీ చెప్పాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. మెయిలు గంట ఆపే సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కను స్టేషనరీ స్టోరుకు మార్చారు. అక్కడ ఫోను లేదు.

ఆగస్టులో ఒక ఆదివారం తమ్ముడే ఫోను చేశాడు. చెట్లు కొట్టేవాళ్లు వచ్చినారు, రావాలంటే రా అన్నాడు. నేను పోయేసరికి తోటలో ఒక పక్క అప్పటికే వెలుతురు పడుతోంది. ఆ నేలమీద అంత ఎండ నేనెప్పుడూ చూడలేదు. నరికిన కొమ్మలను ఒక లారీ ఇటుక బట్టీకి మోసుకుపోతోంది. రంపం ఆగినప్పుడల్లా కాకులు అరుస్తున్నాయి.

తమ్ముడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బాగున్నావా అని అడగలేదు.

"న్నా, ఆ మెయిలు పంపే మిషను నువ్వే చేసినావంటనే?"

"మిషను కాదు. స్క్రిప్టు. అవు, నేనే రాసినా."

"ఎంతసేపట్లో పోతాది అది?"

"లెక్కపెట్టేంత సేపు పట్టదు."

తల ఊపాడు. "ఆడ గేటు కాడ నేను ఇంజను ఆపక ముందే వాడు చెయ్యి అడ్డం పెట్టినాడు. నీ నంబరు వచ్చేసింది ఎనక్కి పో అన్నాడు. నేను వాణ్ణి తిట్టినా. పాపం, వాడేం చేస్తాడు?" కొమ్మలు మోసుకుపోతున్న లారీ వైపు చూస్తూ, "బాగా రాసినావులే న్నా. ఎవురూ తప్పు పట్టేదానికి లేకుండా రాసినావు" అన్నాడు.

అతని గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. ఉండి ఉంటే నాకు కొంత బాగుండేది. అక్క సంగతి, మేనేజరు సంగతి, గంట సంగతి అతనికి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే అతనికి ఎవరో ఒకరి మీద కోపం వస్తుంది. ఎవరి మీద రావాలో నాకే తెలియలేదు.

"ఈ నేలలో ఏం పెడతావు?" అని అడిగాను.

"ఏం పెట్టను. కొన్నాళ్లు ఊరికే ఉండనీ."

కూలీలు పక్క చెట్టు పైకొమ్మకు తాడు కట్టడం మొదలుపెట్టారు. అది ఏ పక్కకు వాలుతుందో తమ్ముడు వాళ్లకు చేత్తో చూపించాడు. తర్వాత నా భుజం పట్టుకుని, నేను నిలబడ్డ చోటు నుంచి నాలుగడుగులు వెనక్కి నడిపించాడు.

"ఈడ నిలబడు న్నా. ఆడుంటే కొమ్మ తగులుతాది."